పాప బాగుందయ్యా, సీసా సంగతి చెప్పండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లో గొర్రెలు మేపుకునే ఒక తాత నమస్కరించి రాసుకునేది.

అయ్యా, ఇది మూడో కాగితం. మొదటి రెండూ సోమవారాల్లో కలెక్టరాఫీసు క్యూలో నిలబడి ఇచ్చాను. రెండింటికీ అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఎట్లా పరిష్కారమైందో వినండి. ఎవరో సారు ఫోన్ చేసి "పాపకి ఇప్పుడెట్లా ఉంది?" అన్నాడు. "దేవుడి దయ వల్ల బాగుంది సార్" అన్నాను. అంతే, మూసేశారు. రెండోసారీ అదే ప్రశ్న, అదే జవాబు. బాగాలేదని అబద్ధం చెప్పుంటే ఇంకా తెరిచే ఉండేదేమో. నేను అర్జీలో రాసింది పుండులో పడిన పురుగుల్ని పైకి రప్పించే టర్పెంటైన్ నూనె సీసా సంగతి. పాప క్షేమం అడిగినందుకు సంతోషమే అనుకోండి.

మా మనవరాలికి నాలుగేళ్లు. తలలో పేలు పడి, గోకి గోకి చెవి వెనక పుండు చేసుకుంది. వానలు పట్టి ఈగలు ముసిరే రోజులు. వాళ్లమ్మ కొబ్బరినూనె రాసి జడ బిగించి వేసింది, పుండు జడ కింద దాగిపోయింది. నాలుగో రోజు రాత్రంతా పాప "తలలో ఏందో పాకతా ఉంది" అని ఒకటే ఏడుపు. దగ్గరికి పోతే నీచు వాసన. తెల్లారి పాయ తీసి చూసిన నా కూతురు "నాయనా, పుండు కదలతా ఉంది" అని కెవ్వుమంది. రూపాయి బిళ్లంత పుండు. లోపల అన్నం కుతకుత ఉడుకుతున్నట్టు ఉంది. ఒక్కో పురుగుకీ రెండు నల్ల చుక్కలు పైకి కనిపిస్తున్నాయి. కళ్లనుకున్నాం. కాదంట, తోక వైపు ఊపిరి తీసుకునే రంధ్రాలంట. తల మాంసంలో దూర్చి తింటా, తోక గాలికి పెట్టి బతుకుతాయంట.

ఈ పురుగు మాకు కొత్త కాదు. గొర్రెకు కొమ్ము దగ్గరో గిట్ట దగ్గరో దెబ్బ తగిలితే పడేది ఇదే. టర్పెంటైన్ తడిపిన దూది పెడితే ఊపిరాడక పైకొస్తాయి, పట్టకారుతో ఏరేయాలి. పశువుల ఆసుపత్రిలో ఆ నూనె ఇస్తారు, 1962కి ఫోన్ చేస్తే బండి కూడా వస్తుంది. కానీ పసిబిడ్డ తల, పక్కనే చెవి. ఎన్ని చుక్కలు వేయాలో మనకేం తెలుసు? అందుకని పీహెచ్‌సీకి ఎత్తుకుపోయాం.

డాక్టరమ్మ ట్రైనింగుకి పోయిందన్నారు. నర్సమ్మ మంచిదే, చూసి పాపం కళ్లనీళ్లు పెట్టుకుంది. "టర్పెంటైన్ మాకు సప్లై లేదు తాతా" అని కట్టు కట్టి, సిరప్ సీసా ఇచ్చి, పై ఆసుపత్రికి చీటీ రాసింది. రెండు బస్సులు మారి పోయేసరికి అక్కడ ఓపీ అయిపోయింది. చర్మం డాక్టర్ రేపు వస్తారన్నారు. ఇంకొకాయన ముక్కు మూసుకుని "ఇల్లు శుభ్రంగా పెట్టుకోరా మీరు?" అన్నాడు. నా కూతురు తల దించుకుంది. ఆ రాత్రి వరండాలో పడుకున్నాం. పాప కింద పరిచిన చీర మీద తెల్లారేసరికి 3 పురుగులు రాలి ఉన్నాయి. ఇక ఆగలేక ప్రైవేటుకి పోయాం. మొదటి రోజే 27 తీశాడు ఆ డాక్టరు, తర్వాత రెండు రోజులు పోయి మిగిలినవి తీయించుకున్నాం. ఐవర్‌మెక్టిన్ అని మాత్ర ఉందంట గానీ, 15 కిలోలు లేని పిల్లలకి మామూలుగా ఇవ్వరంట. మా పాప 13 కిలోలు. అందుకని చేత్తో ఏరడమే. ఖర్చుకు రెండు పొట్టేళ్లు పోయాయి.

ఆయనే చెప్పాడు, మన దేశంలో ఎక్కువగా ఈ పని చేసే ఈగ క్రైసోమియా బెజియానా అని. అది చెత్తకుప్పలో గుడ్లు పెట్టదు, ప్రాణమున్న ఒంటి మీద పుండు అంచునే వెతుక్కుంటుంది. ఒక్కసారికి 150, 200 గుడ్లు. రోజు తిరిగేసరికి పురుగులు. ఇల్లు శుభ్రం అన్న సారుకి ఈ ముక్క వినిపించాలని ఉంది. మీరు కనిపించినప్పుడు చెప్పండి.

మా వీధిలో ఇదివరకు ఒక పిల్లోడి తల పుండులో చేలో కొట్టే మందు పోశారు. వాళ్లను నేను కూడా తిట్టినవాడినే. మూడు చోట్ల తిరిగాక ఇప్పుడు తిట్టడానికి నోరు రావడం లేదు.

అయ్యా, స్కాన్ మిషన్లు అడగడం లేదు. పీహెచ్‌సీలో ఒక సీసా, ఒక పట్టకారు, వాటిని వాడటం తెలిసిన ఒక మనిషి. గొర్రెకు దొరుకుతున్నది బిడ్డకు దొరకాలి, అంతే. ఆశా అమ్మాయిలు, అంగన్‌వాడీ టీచర్లు బరువు తూచేటప్పుడు పిల్లల జడ విప్పి ఒకసారి చూస్తే ఇంకా మంచిది. అది కూడా అర్జీలో రాశాను. రెండుసార్లు.

దీని మీద కూడా ఫోన్ వస్తుందని తెలుసు. పాప బాగుంది, అంగన్‌వాడీకి పోతోంది, చెవి వెనక రూపాయంత మేర మాత్రం వెంట్రుక మొలవలేదు. ఆ జవాబు ఇక్కడే రాసేశాను గనక, ఆ ఫోనేదో పీహెచ్‌సీకి చేసి సీసా వచ్చిందా అని అడగమనండి.

ఇట్లు,
ఆ పాప తాత