ఉబ్బసం ఉన్న పిల్లలకు లాలాజల పరీక్ష కావాలి: ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

నమస్కారం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఉబ్బసానికి పీల్చే మందు ఒక్కటే చాలక థియోఫిలిన్ అనే మందు కూడా వాడుతున్నాడు. ఈ మందు తక్కువైతే ఆయాసం తగ్గదు. ఎక్కువైతే వాంతులు, గుండెదడ, చివరకు మూర్ఛ కూడా రావచ్చు. రక్తంలో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే ప్రమాదం పెరుగుతుంది. జ్వరం తగిలినా, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేసినా శరీరం మందును నెమ్మదిగా వదిలించుకుంటుంది. నిన్నటిదాకా సరిపోయిన మోతాదే అప్పుడు ఎక్కువైపోతుంది.

అందుకే రక్తపరీక్ష. మొన్న నరం దొరక్క మూడుసార్లు గుచ్చారు. వాడు నా కొంగు వదలలేదు. ఇప్పుడు ఆసుపత్రి పేరెత్తితేనే మంచం కింద దాక్కుంటున్నాడు.

అయ్యా, థియోఫిలిన్ లాలాజలంలోకీ చేరుతుంది. రక్తంలో ప్రొటీన్లకు అంటుకోని భాగమే అక్కడికి వస్తుంది కనుక, రక్తంలోని మోతాదులో సుమారు 60 శాతం కనిపిస్తుంది. ఈ నిష్పత్తి అందరిలో ఒకేలా ఉండదు. కాబట్టి ప్రతి బిడ్డకూ మొదట ఒకసారి రక్తం, లాలాజలం రెండూ పరీక్షించి పోల్చుకోవాలి. సిరప్ తాగిన వెంటనే నమూనా తీయకూడదు, నోటిలో మిగిలిన మందు లెక్క తప్పిస్తుంది. విషలక్షణాలు కనిపిస్తే రక్తపరీక్షే చేయాలి, అందులో వాదన లేదు. నేను అడిగేది మామూలు తనిఖీల్లో రక్తానికి బదులు లాలాజలం పరీక్షించడం గురించి.

విశాఖ, గుంటూరు, తిరుపతి బోధనాసుపత్రుల పిల్లల విభాగాల్లో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టించండి. పిల్లల వైద్యులతో, ప్రయోగశాల నిపుణులతో ఒక్కసారి కూర్చోండి. వచ్చే చలికాలం లోపే నిర్ణయం చెప్పండి.

ఇట్లు,
ఒక తల్లి