దివ్యసత్ప్రసాద ఆరాధన సంఘం, విజయవాడ: 2025 వార్షిక నివేదిక

విచారణ (పారిష్) గురువులకు, సిస్టర్లకు, సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ముందు మైకు సంగతి. ఈ ఏడాది మన మీటింగుల్లో అన్నిటికన్నా ఎక్కువ నలిగింది అదే. నెలనెలా మొదటి శుక్రవారం సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా మారిందని మనం నమ్మే అప్పం) ముందు చేసే ఆరాధనలో పాటలు, జపమాల, విన్నపాలు గంటంతా ఆగకుండా సాగేవి. తపస్సుకాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) మొదలైనప్పటి నుంచి చివరి అరగంట మైకు కట్టేస్తున్నాం. కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. "పాట లేకపోతే నాకు నిద్రొస్తుంది నాయనా" అని ఒక మామ్మగారు మొహమాటం లేకుండా చెప్పేశారు. 1973లో రోము నుంచి వచ్చిన ఆరాధన క్రమంలో ప్రార్థనలు, పాటలు, వాక్య పఠనాలతో పాటు మౌనానికీ చోటుందని ఫాదర్ గారు వివరించాక గొడవ చాలావరకు సద్దుమణిగింది. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో డ్యూటీ దిగి వచ్చే నర్సులు ఆ అరగంట కోసమే వస్తున్నామంటున్నారు. కాబట్టి ఈ పద్ధతి కొనసాగాలనే నా అభిప్రాయం. మామ్మగారు కూడా ఒక్క శుక్రవారం మానలేదు, నిద్ర సంగతి మాత్రం మనం అడగలేదు.

ఏప్రిల్ 17, పవిత్ర గురువారం. కడరా భోజన పూజ (యేసు చివరి భోజనాన్ని స్మరించే పూజ) తర్వాత సత్ప్రసాదాన్ని పక్క పీఠానికి తీసుకెళ్లాం. ఆ రాత్రి మోన్‌స్ట్రెన్స్ (సత్ప్రసాదం అందరికీ కనిపించేలా ఉంచే పాత్ర) ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. ఆ రాత్రి సత్ప్రసాదం మూసిన మందసంలోనే (సత్ప్రసాదం భద్రపరిచే పెట్టెలోనే) ఉండాలి, మోన్‌స్ట్రెన్స్‌లో ఉంచకూడదు. అర్ధరాత్రి వరకు వాడల వారీగా కుటుంబాలు వంతులు వేసుకుని కూర్చున్నాయి. ఆ తర్వాత నాలుగు రోజులకే, ఏప్రిల్ 21న పోపు ఫ్రాన్సిస్ గారు కన్నుమూశారు. ఆ వారం ఆరాధన ఆయన ఆత్మశాంతి కోసం జరిగింది. మే 7న కార్డినల్స్ సమావేశం మొదలైతే మరుసటి రోజే పోపు లియో 14 ఎన్నికయ్యారు. వార్త వచ్చేసరికి మనకు రాత్రి అయింది, అయినా గంట కొట్టారు!

జూన్ 22న క్రీస్తు శరీర రక్తాల పండుగ. 1264లో పోపు ఉర్బన్ 4 సార్వత్రిక సభ (ప్రపంచంలోని కతోలిక సంఘం) అంతటికీ నియమించిన పండుగ ఇది. ఊరేగింపు దారిలో ముగ్గులు వేసినవారిలో మన విచారణ వాళ్లు కాని ఇరుగుపొరుగు కూడా ఉన్నారు. వాళ్లకు ధన్యవాదాలు. వచ్చే ఏడాది ఊరేగింపులో సత్ప్రసాదం మీద పట్టే పందిరి మోసేవాళ్లు ఒకే ఎత్తువాళ్లు ఉండేలా చూడాలి. ఒక పక్క వంగిపోయి ఫాదర్ గారి తలకు తగులుతూనే ఉంది.

ఫాదర్ గారు రిట్రీట్‌కు వెళ్లిన వారం ఆరాధన ఆగుతుందేమోనని టెన్షన్ పడ్డాం. సత్ప్రసాదం పంచే అనుమతి ఉన్న సిస్టర్ గారు దాన్ని ఆరాధనకు అందరి ముందూ ఉంచి, మళ్లీ మందసంలో పెట్టారు. ఆరాధన చివర సత్ప్రసాదంతో ఇచ్చే ఆశీర్వాదం మాత్రం ఇవ్వలేదు. అది గురువులు, డీకన్లు (గురువు కింది పట్టం పొందినవారు) మాత్రమే ఇవ్వాలని సభ చట్టం. ఆశీర్వాదం లేకపోతే రావడం దండగని కొందరు మానేశారు. ఇది సరైన ఆలోచన కాదు.

సెప్టెంబరు 7న కార్లో అకుటిస్‌ను పునీతుడిగా ప్రకటించారు. 2006లో పదిహేనేళ్లకే లుకేమియాతో చనిపోయిన ఈ కుర్రాడు సత్ప్రసాద అద్భుతాలను వెబ్‌సైట్‌లో పెట్టాడని తెలిశాక మన యువత వాటి మీద పోస్టర్లు తయారుచేసి వరండాలో పెట్టారు. ఆ తర్వాత మొదటి శుక్రవారాలకు ఇంటర్ పిల్లలు కొందరు వస్తున్నారు. సెల్‌ఫోన్లు మాత్రం బయట పెట్టించాల్సి వస్తోంది.

మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీల్లో కూర్చోవచ్చు. అది అగౌరవం కాదు. జమాఖర్చులు గుడి నోటీసు బోర్డులో ఉన్నాయి.

ఇక వంతుల చార్టు. సత్ప్రసాదాన్ని ఉంచిన సమయంలో ఎవరూ లేకుండా ఉండకూడదు. వేసవిలో మధ్యాహ్నం వంతులకు పేర్లు రావడం లేదు, విజయవాడ ఎండలో ఎవరినీ తప్పుపట్టలేం. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఆరాధనను సాయంత్రానికే పరిమితం చేయాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. ఒప్పుకుంటే ఈ సమావేశంలోనే చేతులెత్తండి. రాత్రి వంతులకు రాగల మగవాళ్లు పేర్లు ఇచ్చి వెళ్లండి.

కార్యదర్శి