విషాదాంతాన్ని మార్చకండి

సంపాదకుడు గారికి,

కాలేజీ వార్షికోత్సవాల్లో, నాటక పోటీల్లో విషాద నాటకం వేస్తామంటే ‘చివర కొంచెం మార్చండి, జనం ఏడుస్తూ ఇంటికెళ్తే బాగోదు’ అనే మాట తరచు వినిపిస్తోంది. ఈ పని ఇంగ్లండులో ఎప్పుడో చేసి చూశారు. 1681లో నేహమ్ టేట్ షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ను తిరగరాసి, అసలు నాటకంలో చనిపోయే లియర్ చిన్నకూతురు కార్డీలియాను బతికించి, ఎడ్గార్ అనే యువకుడికిచ్చి పెళ్ళి చేశాడు. 1838లో మెక్రెడీ అనే నటుడు అసలు నాటకాన్ని మళ్ళీ రంగం మీదికి తెచ్చేదాకా, నూటయాభై ఏళ్ళకు పైగా, అక్కడి జనం ఎక్కువగా చూసింది ఆ పెళ్ళి లియర్‌నే. ఇవాళ లియర్ వేయాలనుకునేవాళ్ళు వెతికేది టేట్ రాత కోసం కాదు.

మార్చిన చివర అతకకపోవడానికి కారణం మొదటి రంగంలోనే ఉంది. ఎవరెంత తియ్యగా పొగిడితే అంత రాజ్యం అని రాజు లియర్ కూతుళ్ళకు పంచిపెడతాడు. అతను దుర్మార్గుడు కాడు, చేసింది పొరపాటు. విషాద నాయకుడు మరీ పుణ్యాత్ముడూ మరీ పాపాత్ముడూ కాక, తన పొరపాటు వల్ల పడిపోయేవాడై ఉండాలని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పింది ఇదే. చివర మారిస్తే ఆ పొరపాటుకు వెల ఉండదు, మొదటి రంగం దండగవుతుంది. మన శ్రీకాకుళం మట్టిలో పుట్టిన కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ కథ చూడండి. అప్పు మీద జరిగే పంచాయతీలో ప్రతి మాటా న్యాయంగానే వినిపిస్తుంది. అప్పుపడ్డ ఇంటి సీతారాముడు కన్నకొడుకును చంపుకున్నాకనే ఆ న్యాయం ఎంత బరువో తెలుస్తుంది. ఆ ముగింపు తీసేస్తే మిగిలేది ఒక అప్పు తగువు.

అయితే ప్రదర్శించేవాళ్ళ వైపు తప్పులు కూడా చెప్పాలి. మొదటిది, తెర లేచింది మొదలు ఏడవడం. అసలు దెబ్బ తగిలే వేళకు నటుడి దగ్గర గొంతూ ఉండదు, చూసేవాళ్ళ దగ్గర కన్నీళ్ళూ ఉండవు. రెండోది నెత్తురని ఎర్రరంగు చూపించడం. ప్రాచీన గ్రీకు కవి సోఫోక్లిస్ ‘ఈడిపస్’ నాటకం, తెలియక తండ్రిని చంపి తల్లి జొకాస్టాను పెళ్ళాడిన రాజు కథ. అందులో నిజం బయటపడ్డాక జొకాస్టా ఉరి, ఈడిపస్ కళ్ళు పొడుచుకోవడం రెండూ లోపల జరుగుతాయి, ఒక సేవకుడు వచ్చి చెప్తాడు. చూడకుండా వింటేనే ఒళ్ళు జలదరించాలి, నాటకం అల్లిక అలా ఉండాలి అంటాడు అరిస్టాటిల్. ముసలివాడికిచ్చి పెళ్ళి చేస్తే కొలనులో ప్రాణం తీసుకున్న ‘పూర్ణమ్మ’ పాటలో గురజాడ చేసిందీ అదే. పూర్ణమ్మ కన్నుల కాంతి కలువలకు, నడక హంసలకు చేరిపోయాక ‘దుర్గను జేరెను పూర్ణమ్మ’ అని ఊరుకున్నాడు. ఆ పాదాల్లో చావు అన్న మాటే లేదు. విజయనగరంలో ఈ పాటకు నృత్యం కట్టేవాళ్ళు చివర నీళ్ళలో పడి కొట్టుకోవడం చూపించకపోతే మంచిది.

గంటలో ముగించాలన్న పోటీ నిబంధన పెద్ద చిక్కే. ‘ఈడిపస్’ మూలం సుమారు 1,530 పంక్తులు, కత్తెర తప్పదు. కోరస్, అంటే కథ మధ్యలో పాడే బృందం, పాటలు తగ్గించవచ్చు. మూలంలో కోరస్ పదిహేను మంది. మనకు నలుగురు చాలు, జముకుల కథలో వంతల్లా మధ్యమధ్య అందుకుంటే సరిపోతుంది. జొకాస్టా తమ్ముడు క్రియాన్‌తో ఈడిపస్ వాదులాట సగానికి దించవచ్చు. పాత్రలు ఎక్కువని భయపడక్కర్లేదు, మాట్లాడే వేషాలన్నీ ఆ రోజుల్లో ముగ్గురు నటులే పంచుకునేవారు.

కత్తెర పెట్టకూడనిది కొరింథు దూత వచ్చే రంగం. తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతావని ఈడిపస్‌కు జోస్యం ఉంది, తనను పెంచిన కొరింథు రాజు పాలిబస్సే తండ్రి అనుకుంటున్నాడు. పాలిబస్ పోయాడని దూత చెప్పగా, ఇక తండ్రిని చంపుతానన్న భయం లేదని ఈడిపస్ ఊపిరి పీల్చుకుంటుంటే, తల్లి గురించిన భయమూ తీసేద్దామని ‘నువ్వు వాళ్ళ కన్నబిడ్డవు కావు’ అంటాడు దూత. మేలు చేయబోయిన మాటే కొంప ముంచుతుంది. చీలమండలు కుట్టిన పసిబిడ్డ సంగతి రాగానే జొకాస్టాకు అంతా అర్థమైపోతుంది, ఈడిపస్‌కు ఇంకా కాదు. ‘ఇక అడగకు’ అని బతిమాలి, చివరికి లోపలికి వెళ్ళిపోతుంది. చాలామంది ఇక్కడ వయొలిన్ పెంచుతారు. దయచేసి ఆపేయండి. ఆమె వెళ్ళిన వైపు కోరస్ పెద్ద అలా చూస్తూ ఉండాలి, పది లెక్కపెట్టేంత సేపు ఎవరూ కదలకూడదు. ఆ తర్వాతే, ఆ పసిబిడ్డను దూత చేతికిచ్చిన గొర్రెల కాపరిని రంగం మీదికి తీసుకురండి.

ఇట్లు,
ఒక నాటకాభిమాని,
విజయనగరం.