ఆ ఫొటో ఒటాకుది కాదు, వేషానిది

సంపాదకుల వారికి,

జపాన్ ఒటాకుల (కామిక్స్, కార్టూన్ల వీరాభిమానుల) మీద మీ ఆదివారం పేజీలో వచ్చిన కథనం చదివాం. నీలం విగ్గు, అట్ట కత్తి పెట్టుకున్న కుర్రాడి ఫొటో వేసి, కింద 'ఒటాకుల రోజువారీ దుస్తులు' అని రాశారు. పక్కనున్న డబ్బాలోనేమో గళ్ల చొక్కా, సోడాబుడ్డి కళ్లద్దాలు, వీపున సంచి అన్నారు. ఈ రెండూ ఒకే మనిషి మీద ఎట్లా కుదురుతాయి?

ఒటాకు అంటే అసలు 'మీ ఇల్లు'. ఎదుటివాళ్లను కాస్త దూరం ఉంచి 'తమరు' అనడానికి వాడే మాట. ఒకరినొకరు అట్లా పిలుచుకునే మాంగా (జపాన్ కామిక్స్), అనిమే (జపాన్ కార్టూన్లు) అభిమానులను వెక్కిరిస్తూ 1983లో నకమోరి అకియో అనే రచయిత ఒక పత్రికలో రాశాడు. సూపర్‌మార్కెట్లో అమ్మ కొనిచ్చిన 980, 1,980 యెన్ల చొక్కా ప్యాంట్లు, పేరున్న కంపెనీకి నకలు బూట్లు, ఉబ్బిపోయిన భుజం సంచి. ఆయన గీసిన బొమ్మ ఇదీ. వీళ్లకు బట్టల ధ్యాసే లేదన్నది ఆయన ఎత్తిపొడుపు. గళ్ల చొక్కాను జీన్సులోకి టక్ చేసి, తలకు రుమాలు కట్టి, సంచిలోంచి పోస్టర్లు పైకి పొడుచుకొచ్చేట్టు ఆ బొమ్మను స్థిరపరిచింది 2000 తర్వాతి టీవీ, సినిమాలు.

నవ్వుకోవడం అటుంచితే, ఆ సరంజామాకు పనుంది. 1975లో మొదలై, ఇప్పుడు టోక్యోలో ఏటా ఆగస్టులో, డిసెంబరులో జరిగే కోమికెట్ అనే సంతలో అభిమానులు సొంతంగా అచ్చు వేయించుకున్న పుస్తకాలు అమ్ముకుంటారు. వాటిలో చాలావరకు 182 × 257 మిల్లీమీటర్ల బీ5 సైజువి. ఒక్కొక్కటి పల్చనే, ఇరవై కొంటే మాత్రం భుజం లాగుతుంది. చేతిసంచిలో వేస్తే మూలలు మడతపడతాయి. వీపు సంచిలో గట్టి అట్ట ఆనించి నిలబెడితే నలగవు. బల్ల దగ్గర చిల్లరకు తడుముకోకుండా నాణేలు, వెయ్యి యెన్ల నోట్లు ముందే మార్చుకుని నడుము పర్సులో పెట్టుకుంటారు. ఆగస్టు ఎండలో గంటల తరబడి వరుసలో నిలబడాలి కనక మెడలో తువ్వాలు. మన రైతు సంతకు పోయేటప్పుడు భుజాన టవలు ఎందుకు వేసుకుంటాడో ఇదీ అందుకే. అన్నట్టు, ఆ తొలి కోమికెట్‌కు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. సోడాబుడ్డి కుర్రాడి బొమ్మలో వాళ్లకు చోటే లేదు.

కాస్‌ప్లే, అంటే మెచ్చిన పాత్ర వేషం కట్టడం, దాని సంగతి వేరు. కోమికెట్‌లో వేషంతో రాకూడదు, వేషంతో పోకూడదు. అక్కడి గదుల్లోనే మార్చుకుని, అక్కడే విప్పి, పెట్టెలో సర్దుకుని బయటపడాలి. మన నాటకంలో దుర్యోధనుడు మాత్రం కిరీటం, భుజకీర్తులతో బళ్లారి బస్సెక్కుతాడా?

ఇప్పటి ఒటాకును రైల్లో పోల్చుకోవడం కష్టం. మామూలు టీషర్టో, ఆఫీసు చొక్కానో వేసుకుని ఉంటారు. పట్టిచ్చేదల్లా సంచి. మెచ్చిన పాత్రను 'ఒషి' అంటారు, ఆ పాత్ర బ్యాడ్జీలను ముందువైపు పారదర్శకంగా ఉండే సంచిలో పేరుస్తారు. దాని పేరు ఇటా బ్యాగ్. 'ఇటాయ్' అంటే నొప్పి, చూసేవాళ్ల కళ్లకన్నమాట. కిటికీ ఏ4 కాగితమంత ఉంటే 57 మిల్లీమీటర్ల బ్యాడ్జీలు అడ్డం మూడు, నిలువు ఐదు, మొత్తం పదిహేను పడతాయి. పిన్నులు సంచి గుడ్డకే గుచ్చితే బరువుకు గుడ్డ సాగి వరుస వంకరపోతుంది. ఫోమ్ షీటుకు గుడ్డ చుట్టి, దానికి గుచ్చి, షీటునే లోపల దింపాలి. రేకు బ్యాడ్జీలు చెమ్మకు అంచుల్లో తుప్పు పడతాయి, మాత్రల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి పడేస్తే మంచిది.

మన కాలేజీల పోటీల్లో అనిమే వేషం కట్టే పిల్లలకు రెండు మాటలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అనంతపురం ఎండకు పాలిస్టర్ శాటిన్ చెమట పీల్చదు, ఒంటికి అంటుకుపోతుంది. లోపల పల్చటి నూలు లైనింగు వేయించండి. ఇస్త్రీ చేసేటప్పుడు పైన తడిగుడ్డ పరచకపోతే శాటిన్ మెరుపు పోయి మచ్చ పడుతుంది. విగ్గును కొసల నుంచి మొదలుపెట్టి పైకి, వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వాలి. పైనుంచి లాగితే చిక్కు బిగిసి పోగులు తెగుతాయి. కవచానికి 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (స్పాంజి లాంటి మెత్తటి షీటు) చాలు. చెప్పులు అతికే రబ్బరు గమ్మును రెండు ముక్కలకూ రాసి, వేలికి అంటుకోనంతవరకు, అంటే పది నిమిషాలపైనే, ఆరనిచ్చి అప్పుడు నొక్కాలి. చాలామంది తడిమీదే అతికించేస్తారు, వేదిక ఎక్కేలోగా అతుకు ఊడి చేతికొస్తుంది. రంగు వేసేముందు వేడిగాలి గన్‌తో పైపైన కాపడం పెట్టకపోతే ఫోమ్ రంగును తాగేస్తూనే ఉంటుంది. అన్నీ సరిగ్గా చేశాక ఎండలో నిలిపిన కారులో పడేసి పోకండి, ఆ వేడికి గమ్ము మెత్తబడి అతుకులు విచ్చుకుంటాయి.

ఇక 'ఒటాకు'గానే రావాలంటే కుట్టించుకోవాల్సింది ఏమీ లేదు, ఇంట్లో ఉన్న చొక్కా, రాయదుర్గం జీన్సు సరిపోతాయి.

ఆ ఫొటో కింద 'కాస్‌ప్లే' అని సవరణ వేయగలరు.

– కాస్ట్యూమ్‌ల తయారీదారులు, కమలానగర్, అనంతపురం