సముద్రంలో కలిసే కృష్ణా నీటిలో చేపపిల్లల వాటా

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తిన ప్రతిసారీ ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలయ్యాయని వార్తలు వస్తుంటాయి. ఆ లెక్క రైతుకు ఎంత ముఖ్యమో ఈ డెల్టాలో పుట్టి పెరిగిన నాకు తెలుసు. అయితే ఆ నీటితో దిగువన, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర బతకాల్సిన ప్రాణులు కూడా ఉన్నాయి. వాటి ఊసు మన చర్చల్లో వినిపించడం లేదు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మనం ఇష్టంగా పులుసు పెట్టుకునే పండుగొప్ప నదీముఖాలకు దగ్గరలోని ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది. ఒక్క తల్లిచేప లక్షల్లో వదిలే ఆ గుడ్లు మిల్లీమీటరు కూడా ఉండవు. ఒక రోజులోపే వాటి నుంచి ఒళ్లంతా పారదర్శకంగా ఉండే లార్వా, అంటే తొలిదశ పిల్ల, బయటికి వస్తుంది. అప్పటికి దానికి నోరు తెరుచుకోదు, కళ్లకు రంగు రాదు. పొట్టకు అంటుకుని ఉన్న సొన సంచి మీదే రెండు మూడు రోజులు గడపాలి. సొన అయిపోయే వేళకు నోరు తెరుచుకోవాలి, సరిగ్గా అప్పుడే చుట్టూ ప్లవకాలు, అంటే నీటిలో తేలాడే సూక్ష్మజీవులు, దొరకాలి. అంత చిన్న ఒంటికి నీరు తేనెలా చిక్కగా తగులుతుంది. తోక ఆడించడం ఆపితే ఉన్నచోటే ఆగిపోతుంది. అయినా కోపిపాడ్ అనే, రొయ్యకు దూరపు చుట్టమైన చిన్న ప్లవకం పిల్ల కంటపడితే చాలా జాతుల లార్వాలు ఒంటిని వంకర తిప్పి, ఒక్క ఉదుటున ముందుకు దూకి పట్టుకోబోతాయి. తొలి రోజుల్లో చాలాసార్లు గురి తప్పుతుంది. ఆకలి ఒక హద్దు దాటాక ఎదురుగా తిండి ఉన్నా తినే సత్తువ మిగలదు.

ఏ ఏడాది పుట్టిన చేపలు ఎన్ని వలకు చిక్కుతాయన్నది పెట్టిన గుడ్ల సంఖ్యను బట్టి కాక, ఈ దశలో ఎన్ని బతికి బయటపడ్డాయన్నదాన్ని బట్టి ఉంటుందని నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే ప్రతిపాదించారు. అక్కడ 1904లో పుట్టిన హెర్రింగ్ చేపలే ఆ తర్వాత ఏళ్ల తరబడి వేటలో సింహభాగంగా ఉండటం ఆయన గమనించారు. ఆకలి, ప్రవాహాలతోపాటు వేటాడే జీవులు కూడా పిల్లల సంఖ్యను శాసిస్తాయని తర్వాతివారు ఆయన ఆలోచనను విస్తరించారు.

లార్వాలు నీటివాలుకు కొట్టుకుపోయే నలుసులన్న పాత అభిప్రాయం కూడా నిలవలేదు. నదీముఖాలను ఆశ్రయించే అనేక జాతుల పిల్లలు పోటు వచ్చినప్పుడు పైకి లేచి నీటితోపాటు లోపలికి సాగుతాయి. పాటు మొదలవగానే అడుగుకు దిగి, బయటికి పోకుండా నిలదొక్కుకుంటాయి. ఇంత చిన్న ప్రాణికి ఇంత నేర్పు ఉండటం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. ఉప్పదనంలో తేడా, నీటి వాసన వంటి గుర్తులు వాటికి దారి చూపుతాయి. నది మోసుకొచ్చే పోషకాలతో ప్లవకాలు పెరుగుతాయి, మడ చెట్ల వేళ్ల మధ్య చాటు దొరుకుతుంది. వేసవిలో బ్యారేజి దిగువన ఇసుక తిన్నెలే మిగిలినప్పుడు ఈ గొలుసులో మొదటి లంకే బలహీనపడుతుంది.

వరదలు రావాలని నేను కోరడం లేదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు బ్యారేజి దాటినప్పుడు నగరం పడిన బాధ మనమందరం చూశాం. అలాంటి ఉద్ధృతి నదీముఖంలోని పిల్లలకూ మేలు చేయదు. కావలసింది ఏడాది పొడవునా కొద్దికొద్దిగా పారే నీరు.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు అమలయ్యే వేట నిషేధం తల్లిచేపలకు ఊరటనిస్తుంది, అది కొనసాగాలి. కానీ జాతిని బట్టి గుడ్లు పెట్టే నెలలు మారుతాయి, పిల్లలు ఆ గడువులోనే పెరిగి పెద్దవి కావు. అందువల్ల నీటి కేటాయింపులు చేసే అధికారులు బ్యారేజి దిగువకు కనీస ప్రవాహాన్ని సాగు, తాగునీటి పద్దుల పక్కనే ప్రత్యేక పద్దుగా చూపాలి. రొయ్యపిల్లల కోసం కాలువల్లో దోమతెరల్లాంటి సన్నకన్ను వలలు కట్టి, చిక్కిన చేపపిల్లలను గట్టున పారేసే పద్ధతిని మత్స్యశాఖ అరికట్టాలి. దాని మీదే బతికే పేద కుటుంబాలకు ముందుగా మరో ఉపాధి చూపాలి. సముద్రంలో కలిసిన నీటి గురించి ఇకపై రాసేటప్పుడు నదీముఖానికి ఎంత అవసరమన్నది కూడా మత్స్య శాస్త్రవేత్తలను అడిగి ప్రచురించాలని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
మొగల్రాజపురం, విజయవాడ