వరండా గోడ, పశువుల మేత: ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా టీ కొట్టు దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే మాట: ‘బడిలో కుడితి, తవుడు అని రాయిస్తున్నారట, ఇందుకేనా పంపేది?’ అడగదలచినవారు నా గదికే వచ్చి ఉంటే టీ ఇచ్చి మరీ చెప్పేదాన్ని. ఎవరూ రాలేదు కనుక రాస్తున్నాను.



ఇక గోడ సంగతి. నెమరువేసే జంతువుల పాఠం చెబుతూ, ఇంట్లో పశువులకు పెట్టేవాటి పేర్లు రాసుకురమ్మన్నాం. వాటినే వరండా గోడ మీద రాయిస్తున్నాం. కాలువ కింది పిల్లలు వరిగడ్డి, జనుము, పిల్లిపెసర అని రాశారు. మెట్ట ఊళ్ల వాళ్లు చొప్ప, ఉలవలు, కందిపొట్టు అన్నారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె రైసు మిల్లుకు వెళ్లి అడిగి వచ్చింది: మామూలు తవుడులో నూనె ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కిపోతుందట, నూనె తీసిన తవుడు నిలవ ఉంటుందట. తరగతిలో నోరు విప్పని ఎనిమిదో తరగతి అబ్బాయి, ఈనగానే వచ్చే ముర్రుపాలు మొదటి గంటలోనే దూడకు ఎందుకు పట్టాలో పది నిమిషాలు చెప్పాడు. రోగనిరోధక శక్తి దూడకు అందేది వాటితోనే, ఆలస్యమైతే ఒంటికి పట్టదు. ‘దూడ తాగాకే మనకు జున్ను’ అని ముగించాడు. ఆ రోజంతా నాకు పట్టరాని సంతోషం.

గోడ మీద ‘నాము’ (లేత జొన్న మేతలోని విషం) అని కూడా ఉంది. అదేమిటో కొద్దిమంది పిల్లలకే తెలిసింది, అదే నా బాధ. వానలు ఆగి వాడిపోయిన లేత జొన్న మేస్తే పశువు కడుపులో సైనైడ్ పుడుతుంది. కాసేపటికే రొప్పుతూ కూలిపోతుంది, వైద్యుడు వచ్చేదాకా ఆగదు. అందుకే పెద్దవాళ్లు బెట్టకు వచ్చిన జొన్నచేను ఛాయలకు పశువును పోనివ్వరు. సైనైడ్ సీసా మీద రాసి ఉంటే చదువు, చేలో ఉంటే కాదా? పెళ్లిలో మిగిలిన అన్నం గంపలకొద్దీ గేదె ముందు పోసేవారు ఒకసారి మీ పిల్లలను అడగండి. అది కడుపులో పులిసి, ఆమ్లం పెరిగి, ప్రాణం మీదికి వస్తుందని ఆరో తరగతి వాళ్లు కూడా చెబుతారు. కూరగాయల తొక్కలతో పాటు ప్లాస్టిక్ కవర్లను కుడితి తొట్టిలో వేసే అలవాటు గురించి కూడా వాళ్లే చెప్పారు. ఎవరి ఇంట్లోనో నేను అడగలేదు.

చెప్పక తప్పని మాట ఇంకొకటి. గేదె ఒక్క పూట కుడితి ముట్టకపోతే పశువైద్యుడికి ఫోను వెళుతుంది. పిల్లలు ఏమీ తినకుండా ప్రార్థనకు వచ్చి కళ్లు తిరిగి కూర్చుంటే మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు. దయచేసి కాస్త పొద్దున్నే పొయ్యి వెలిగించండి, రాత్రి ఫోను వాళ్ల చేతిలో నుంచి తీసుకోండి.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం, పశువులను సాకిన తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు బడికి రండి. గోడ మీద ఇంకా ఖాళీ ఉంది. నమూనాలను అన్నం డబ్బాల్లో మాత్రం పంపకండి. మొన్న ఒక డబ్బాలో తెలగపిండి (నువ్వుల నూనె తీశాక మిగిలే పిండి) వచ్చింది. అది పశువులదా మనదా అని పిల్లలు వాదించుకుంటుంటే, మా వంటామె మునగాకు వేసి వండి చూపిస్తానన్నారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు