పాలమూరులో క్లబ్బు పెడతానంటున్న దోస్తుకు

నల్లగొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ దోస్తూ,

నీ మెసేజ్ చూశాను. "పాలమూరులో కూడా పాత కంప్యూటర్ల క్లబ్బు ఒకటి పెడదామనుకుంటున్నా, మీరెట్ల నడుపుతున్నరో చెప్పు" అని రెండు లైన్లు రాసి ఊరుకున్నావు. ఇది ఫోన్లో తేలే ముచ్చట కాదు. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో దూరి నీ కథ మొదలుపెడతావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

ఏయే మెషీన్లు కొనాలో నువ్వు ఇప్పటికే లిస్టు రాసుకుని ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా! ఆ కాగితం పక్కన పెట్టు. నువ్వు ముందు వెతకాల్సింది మెట్టుగడ్డలోనో న్యూటౌన్‌లోనో ఇంకా షాపు మూయని ఒక పాత టీవీ మెకానిక్‌ను. ఆయన దొరికితే నీ క్లబ్బు సగం పెట్టినట్టే. సాఫ్ట్‌వేర్ వాళ్లు పది మంది వస్తారు, ఫోటోలు తీసుకుంటారు, "వావ్" అంటారు, పోతారు. వాళ్లను తిట్టడం లేదు, నేనూ ఆ బాపతే కదా. కానీ మెషీన్ ఆన్ కాకపోతే మాలో ఒక్కడికి కూడా మీటర్ ఎక్కడ పెట్టాలో తెలియదు.

మా క్లబ్బు అంటే పెద్దగా ఊహించుకోకు. రామగిరి వైపు ఒక షట్టర్, ఇదివరకు అది జిరాక్స్ సెంటర్. రెండు టేబుళ్లు, ఒక ఇనుప బీరువా, గోడకు ఇంకా "కలర్ ప్రింట్లు తీయబడును" అన్న బోర్డు. ఆ బోర్డు తీసేద్దామని ప్రతి నెలా అనుకుంటాం. పేరు కూడా ఇంకా పెట్టుకోలేదు. పేరు గురించి మాట్లాడితే లొల్లి అవుతుంది, పేరు లేకపోయినా పని నడుస్తోంది.

నేను ఇందులో ఎట్ల పడ్డానంటే, పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకుని రిటైరైన సారు ఒకాయన దగ్గర స్పెక్ట్రమ్ ప్లస్ అనే పాత ఇంటి కంప్యూటర్ ఉందని తెలిసి చూడటానికి పోయాను. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ లైసెన్సు తీసుకుని మన దేశంలో అమ్మింది చూడు, అది. నల్లటి డబ్బా, లోపల 48 కేబీ మెమరీ, 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్ చిప్పు. సారు దాన్ని పాత పట్టుపంచెలో చుట్టి పెట్టుకున్నారు. ఆయన, నేను, ఇంకో ఇద్దరు ఆదివారం ఆదివారం వాళ్ల వరండాలో కూర్చునేవాళ్లం. వాళ్ల మనవళ్లు వచ్చి కీలు నొక్కడం, సారు "మెల్లగా, మెల్లగా" అనడం... అట్లా మనుషులు పెరిగారు, వరండా చాలలేదు. షట్టర్ మా ఇంటికి దగ్గర కాబట్టి తాళంచెవి నా చేతికి వచ్చింది. తాళంచెవి ఎవడి దగ్గరుంటే వాడే కార్యదర్శి, వాడే స్వీపర్, వాడే చాయ్ తెచ్చేవాడు. మీ దగ్గర తాళంచెవి ఎవరికి ఇవ్వాలో ముందే బాగా ఆలోచించుకో.

ఇక మెకానిక్ అన్న సంగతి. ప్రకాశం బజార్‌లో ముప్పై ఏళ్లకు పైగా టీవీలు బాగు చేసినాయన. ఈసీ టీవీ కాలం మనిషి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఆ టీవీ మన ఇళ్లలో ఎన్నేళ్లు నడిచిందో నీకు చెప్పాలా? కంప్యూటర్ జోలికి ఆయన ఎప్పుడూ పోలేదు. మొదటిరోజు బోర్డు తిప్పి చూసి, "కరెంటు ఎటునుంచి వస్తుందో చూపియ్యండి, మిగతాది నేను చూస్కుంటా" అన్నాడు. నిజంగానే చూసుకున్నాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నవి రాస్తున్నా, నీకు పనికొస్తాయి.

స్పెక్ట్రమ్ అడాప్టర్ 9 వోల్టులది. కానీ మన బజార్లో దొరికే చాలా అడాప్టర్లలో పిన్ను లోపలి భాగం ప్లస్, దీనికి లోపల మైనస్. వోల్టేజీ సరిపోయింది కదా అని ఏదో ఒకటి గుచ్చితే పని అయిపోయినట్టే. మా బీరువా తలుపు మీద ఎర్ర ఇంకుతో రాసి అంటించిన ఒకే ఒక నియమం ఇది: మీటర్ పెట్టకుండా ప్లగ్గు పెట్టొద్దు. తర్వాత 48 కేబీ మెషీన్లో కింది 16 కేబీ మెమరీ చిప్పులకు 5 వోల్టులు ఒక్కటే చాలవు, 12 కావాలి, మైనస్ 5 కూడా కావాలి. ఆ మూడింట్లో ఒకటి పడిపోయిందంటే తెర మీద గళ్లు గళ్లుగా చెత్త కనిపిస్తుంది. మనలాంటివాళ్లం వెంటనే ప్రాసెసర్ పోయిందని ఏడుస్తాం. అన్న ముందు ఆ మూడు వోల్టేజీలు చూస్తాడు.

బీబీసీ మైక్రో అని ఆ కాలపు కంప్యూటరే ఇంకోటి, అది దొరికితే ఆత్రంగా ఆన్ చేయకు. దాని పవర్ సప్లైలో 230 వోల్టుల లైను మీద ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి పైపొర పగిలి లోపలికి తేమ పోతుంది. ఆన్ చేసిన కాసేపటికి ఢప్పుమని పొగ, గదంతా కంపు. ముందే వాటిని పీకి కొత్తవి వేయించు. అవి కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్లు, చిన్నాచితకా ఐసీలు కూడా అక్కడే. స్పెక్ట్రమ్ కీబోర్డు లోపలుండే పల్చటి పొర మాత్రం అక్కడ దొరకదు. పాతది ఎండుటాకులాగా పుటుక్కున విరుగుతుంది. కొత్తవి ఇప్పటికీ బయటి దేశాల్లో చేస్తున్నారు, తెప్పించుకోవాలి, పైన కస్టమ్స్ కూడా కట్టాలి.

బీబీసీ మైక్రో అంటే గుర్తొచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద దేశంలో 250 బడులకు వాటిని ఇచ్చింది, తెలుసు కదా. అప్పట్లో కంప్యూటర్ గది అంటే బయట చెప్పులు విప్పాలి, లోపల ఏసీ, చేతులు కట్టుకుని నిలబడాలి. మనిద్దరం డిగ్రీలో కూడా అట్లనే నిలబడ్డాం. ఆ కసి నాకు ఇంకా తీరలేదు. అందుకే మా షట్టర్లో చెప్పులతోనే రావొచ్చు, ఎవరైనా ఏ కీ అయినా నొక్కొచ్చు. ఒక పెద్దమనిషి మాత్రం మా దగ్గరున్న మైక్రోను అద్దాల పెట్టెలో పెట్టి లైటు వేద్దామంటాడు. మంచి మనిషే, పైసలు కూడా ఆయనే ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. దాన్ని తయారుచేసిన ఏకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అని ఇద్దరు, ఆ తర్వాత 1985లో ఆర్మ్ ప్రాసెసర్ తెచ్చారు. ఇయ్యాల మన ఫోన్లలో నడిచేది ఆ వంశమే. ఈ సంగతి అద్దం మీద కాగితం అంటించి చెబితే పిల్లలు చదవను కూడా చదవరు. అదే విల్సన్ రాసిన బేసిక్ అనే ప్రోగ్రాం భాషలో నాలుగు లైన్లు కొట్టి, బొమ్మ గీయించి, ఆ తర్వాత చెప్పు. ఫోన్ తీసి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తారు.

ఈ మెషీన్లకు తెర టీవీయే కదా, ఆ సంగతి కొంచెం తిరకాసు. స్పెక్ట్రమ్ బొమ్మను యూహెచ్ఎఫ్ 36వ ఛానల్ మీద పంపుతుంది, అన్న దగ్గరున్న పాత బ్లాక్ అండ్ వైట్ సెట్టుకు వీహెచ్ఎఫ్ తప్ప తెలియదు. చివరికి బొమ్మను టీవీ ఛానల్‌గా మార్చే మాడ్యులేటర్ డబ్బా విప్పి, మార్చకముందున్న కాంపోజిట్ సిగ్నల్‌ను నేరుగా బయటికి లాగి, ఏవీ పిన్ను ఉన్న ఒక డబ్బా కలర్ టీవీకి కలిపాడు. ఇంగ్లండ్‌దీ మనదీ పాల్ అనే కలర్ టీవీ పద్ధతే కాబట్టి రంగులతో పేచీ లేదు. అమెరికా నుంచి ఎవరైనా కమడోర్ 64 కంప్యూటర్ తెచ్చిస్తామంటే మాత్రం కొంచెం ఆగు. అది 110 వోల్టులది, బొమ్మ కూడా ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతి. పైగా దాని పాత అడాప్టర్ ముసలిదైతే 5 వోల్టులు ఇవ్వాల్సిన చోట ఎక్కువ ఇచ్చి చిప్పులను కాల్చేస్తుందని పేరు. మాకూ ఒకటి వచ్చింది. ఆ అడాప్టర్ ఇంకా కవర్లోనే ఉంది. అన్న కొత్తది కడుతున్నాడు.

నీకు అసలు చూపించాలనిపించేది టేపు క్యాసెట్ నుంచి స్పెక్ట్రమ్‌లోకి ఆట లోడ్ అయ్యేటప్పుడు పిల్లల మొహాలు. జే నొక్కితే లోడ్ అని తనంతట తనే పడుతుంది, రెండు కొటేషన్ గుర్తులు, ఎంటర్, టేపు ప్లే. తెర అంచున ఎరుపు, లేత నీలం చారలు. తర్వాత నీలం, పసుపు చారలు, కీచుమని చప్పుడు. పెద్ద ఆట అయితే అయిదు నిమిషాలు అట్లనే కూర్చోవాలి. రీల్సు చూసే పోరగాళ్లు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుంటారా అని నువ్వు అడుగుతావు. కూర్చుంటారు! ఎందుకంటే చివర్లో ఎర్రర్ వస్తుందా రాదా అని బెట్టు కాస్తారు. వస్తే టేప్ రికార్డర్ హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ కొంచెం తిప్పి, చప్పుడు పదునుగా వినపడే దగ్గర ఆపాలి. ఈ విద్యలో ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మా అందరికంటే ముందుంది. దాని చెవి చెవి కాదురా!

ఆ పిల్లే ఒకరోజు "దీంట్ల తెలుగు రాదా అంకుల్" అని అడిగింది. దాంతో మా క్లబ్బు దారే మారిపోయింది, నిజంగా. అప్పటిదాకా ఆటలు ఆడి ఇంటికి పోయేవాళ్లం. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకునే అక్షరాలకు 21 చోట్లు ఉంటాయి. ఒక్కోటి ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు చుక్కలు. ఇంగ్లీషు ఏ బీ సీలకు అది చాలు. మన అక్షరం గుండ్రంగా ఉంటుంది, పైన తలకట్టు, కింద ఒత్తు, ఆ చిన్న గడిలో ఎక్కడ పడుతుంది? లెక్కల నోటుబుక్కు గళ్లలో పెన్సిల్‌తో నింపి చూశారు, "ళ"కూ "శ"కూ తేడా తెలియలేదు. అప్పుడు నాలుగు గడులు కలిపి ఒక అక్షరం, అంటే పదహారు బై పదహారు అనుకున్నారు. ఒక్కో వరుసను ఒకట్లు సున్నాలుగా రాసి, 128, 64, 32 అని కూడి పోక్ చేయాలి, అంటే ఆ అంకెను నేరుగా మెమరీలో పెట్టాలి. బడిలో ద్విసంఖ్యామానం అంటే పారిపోయే పిల్లలు ఇక్కడ నోటితో కూడికలు చేస్తున్నారు. నేను ఏం నేర్పలేదు, చాయ్ మాత్రం తెచ్చాను.

ఇప్పుడు అసలు మజా విను. నల్లగొండ అని రాయాలంటే న, ల్ల, గొ, సున్నా, డ. అయిదు ఆకారాలు, నాలుగేసి గడులు, మొత్తం ఇరవై. ఉన్నవి 21. మా ఊరి పేరు పట్టింది, ఇంకా ఒక గడి మిగిలింది! దాంట్లో ఒక పోరడు గుట్ట బొమ్మ గీశాడు, లతీఫ్ సాబ్ గుట్ట అట. మహబూబ్‌నగర్ లెక్క వేశాం, నీ కోసమే. ఏడు ఆకారాలు, ఇరవై ఎనిమిది గడులు. పట్టదు బిడ్డా! పాలమూరు అని రాసుకుంటేనే పదహారులో అయిపోతుంది. ఆ విధంగా మీ ఊరికి పాత పేరే గతి. ఉక్రోషం వస్తే ఇంకో దారి ఉంది. మొత్తం అక్షరాల పట్టికనే వేరే చోటుకు మార్చి, 23606, 23607 నంబర్ల దగ్గర కొత్త అడ్రసు పోక్ చేస్తే 96 గడులు వస్తాయి. పిల్లలు ఇప్పుడు ఆ పని మీదున్నారు.

ఎమ్యులేటర్ల మీద, అంటే ల్యాప్‌టాప్‌ను పాత మెషీన్‌లాగా నడిపించే సాఫ్ట్‌వేర్ మీద, కూడా గొడవ ఉంటుంది, సిద్ధంగా ఉండు. "అసలు మెషీన్ లేకుండా ల్యాప్‌టాప్‌లో ఆడితే అది ఏం రెట్రో" అనేవాళ్లు ఒక పక్క, "ల్యాప్‌టాప్‌లోనే అన్నీ వస్తుంటే ఈ చెత్త ఎందుకు" అనేవాళ్లు ఇంకో పక్క. నా లెక్క సులువు. పిల్లలు ఇంట్లో ఎమ్యులేటర్‌లో ప్రోగ్రాం రాసుకుంటారు, ఆదివారం వచ్చి అసలు దాంట్లో కొడతారు. లేకపోతే ఒక్క మెషీన్ ముందు ఇంతమంది ఎట్ల? ఈ వాదన గట్టిగా చేసేవాళ్లెవరూ ఇంతవరకు చీపురు పట్టగా నేను చూడలేదు.

పైసల ముచ్చట త్వరగా చెప్పేస్తా. పెద్దవాళ్లు నెలకు తలా కొంత వేస్తాం, పిల్లల దగ్గర తీసుకోం. కిరాయి, కరెంటు పోగా మిగిలింది సామాన్లకు. లెక్క గోడ మీద రాసి ఉంటుంది, ఎవరూ అడగాల్సిన పని లేదు. మెషీన్లు ఎవరివి వాళ్లవే, క్లబ్బు పేరున ఏదీ లేదు, రేపు ఎవరైనా అలిగి వెళ్తే తమది తాము తీసుకుపోతారు. షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంచుతాం, ఆడపిల్లల తల్లులు దారిన పోతూ చూసుకుంటారు. వాళ్లకు ఆ నమ్మకం లేకపోతే ఆ పిల్ల వచ్చేదే కాదు. ఎండాకాలంలో పొద్దున తొమ్మిదింటికి మూసేస్తాం. మన ఎండల్లో రేకు షట్టర్ కింద ఆ చిప్పులు వేడెక్కితే చెయ్యి పెట్టలేవు.

మెషీన్ల కోసం జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ సంత తిరుగుతానంటావు, తిరుగు, నాకూ ఇష్టమే. కానీ ముందు ఊళ్లో అటకలు అడుగు. స్పెక్ట్రమ్ లేకపోయినా తొంభైల్లో కీబోర్డుతో వచ్చిన టీవీ గేములు ఉంటాయి, గేములాగే గుచ్చే బేసిక్ క్యాసెట్ పెడితే దాంట్లో కూడా ప్రోగ్రాం రాయొచ్చు. చాలామంది ఇళ్లలో అది మేరియో డబ్బా అనే పడి ఉంది. మొదలు పెట్టడానికి అదొక్కటి చాలు. మెషీన్ ప్లాస్టిక్ పసుపు పచ్చగా అయిందని పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టే పని మాత్రం పెట్టుకోకు. పచ్చగా ఉంటే ఏమైతది?

ముందు ఒకసారి ఇటు రా. దేవరకొండ మీదుగా బస్సు దొరికితే సరే, లేకపోతే హైదరాబాద్ తిరిగి రా. మీ నాయన పాటలు విన్న ఆ మోనో టేప్ రికార్డర్ ఉంది కదా, దాన్ని పట్టుకురా. మాది స్టీరియోది, సతాయిస్తోంది. బెల్టు పోయి ఉంటే పోనీ, అన్న వేస్తాడు. దాని అడాప్టర్ మాత్రం ఇంట్లోనే వదిలెయ్. చెల్లెను అడిగినట్టు చెప్పు, పిల్లవాణ్ణి కూడా తీసుకురా, వాడితో పాలమూరు గీయిద్దాం. వచ్చే ఆదివారం అన్న వాళ్ల బిడ్డ ఇంటికి మిర్యాలగూడ పోతున్నాడు, ఉండడు. ఆ పై ఆదివారం చూసుకో.

నీ దోస్తు